ఖడ్గమృగం కొమ్ము కొనేది మగతనం కోసం కాదు!

నమస్తే. ఖడ్గమృగాల వేట మాట ఎత్తగానే ఎవరో ఒకరు అనేస్తారు, "చైనావాళ్లు ఆ కొమ్ముని మగతనం మందుగా వాడతారు కదా" అని. విన్న ప్రతిసారీ చిరాకేస్తుంది నాకు. కాదండీ!

చైనా సంప్రదాయ వైద్యంలో అది ప్రధానంగా జ్వరం మందు. ఒళ్లు కాలిపోతూ, రోగి పలవరిస్తుంటే "రక్తంలోకి వేడి చేరింది" అనేవారు. కొమ్ము అరగదీసి కషాయంతో ఇచ్చేవారు. వేడి, చలవ అనే లెక్క మనకీ తెలిసిందే.

సరే, ఆ కొమ్ములో ఏముంది? కెరాటిన్. మీ గోరులో ఉన్నదే. ఈ గోరుని గుర్తుపెట్టుకోండి, చాలాసేపు పనికొస్తుంది. గోరు కత్తిరిస్తే నొప్పి ఉండదు, మళ్లీ పెరుగుతుంది. కొమ్మూ అంతే. అందుకే దక్షిణాఫ్రికాలో ఖడ్గమృగానికి మత్తిచ్చి, కొమ్ముని మొదలుకి కాస్త పైన కోసేస్తారు, వేటగాడికి ఆశ లేకుండా. కానీ వేటగాడికి డబ్బొచ్చేది బరువుని బట్టి. గోరుని వేలి నుంచి పెకలించినట్టు, ముఖం నరికి మొదలంటా తీసుకుంటాడు. ఒక్కోసారి జంతువు ప్రాణంతో ఉండగానే.

ఇప్పుడు అసలు విషయం. వయాగ్రా 1998లోనే వచ్చింది. గిరాకీ మగతనం కోసమే అయితే వేట తగ్గాలి కదా? దక్షిణాఫ్రికాలో 2007లో 13 ఖడ్గమృగాలు వేటకి బలైతే, 2014లో 1,215! కారణాల్లో పెద్దది వియత్నాం. అక్కడ కొమ్ము క్యాన్సర్ తగ్గిస్తుందని పుకారు పుట్టింది. డబ్బున్నవాళ్లు హ్యాంగోవర్‌కి తాగారు, హోదా కోసం కానుకలిచ్చారు. క్యాన్సర్ వచ్చిన తల్లి కోసం అప్పు చేసి కొనేవాడికి "మగతనానికి పనిచెయ్యదు" అని చెప్తే ఏం ప్రయోజనం? "క్యాన్సర్‌కి పనిచెయ్యదు" అని అతను నమ్మే డాక్టర్ చెప్పాలి.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. చైనా 1993లోనే కొమ్ము వ్యాపారం నిషేధించి, అధికారిక మందుల గ్రంథం నుంచి తీసేసింది. 2018లో సడలించబోయి, ప్రపంచమంతా అభ్యంతరం చెప్పాక ఆపింది. ఆపినా ఆ ప్రయత్నమే నాకు నచ్చలేదు. మన అస్సాం ప్రభుత్వం 2021లో దాచి ఉంచిన 2,479 కొమ్ముల్ని తగలబెట్టించింది, వాటికి మందు గుణం లేదని చెప్పడానికే. ఇక చైనా వైద్యులు ఇప్పుడు ఆ కషాయంలో వేసేది గేదె కొమ్ము. మోతాదు బాగా పెంచి, మూడు గంటలకి పైగా మరిగిస్తారు. అదీ గోరు పదార్థమే, దానికోసం అడవిలో దేన్నీ చంపక్కర్లేదు.