గేజీ శివారులో పెట్టాలి

(కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి.

గోదారికి వరదొస్తే మనం మొదట అడిగేది ఒకటే మాట. "ధవళేశ్వరంలో ఎంతుంది?" 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. లంకలో ఉండే ముసలమ్మకి ఆ అంకె ఒక్కటి చెబితే చాలు, గేదెల్ని ఎప్పుడు గట్టెక్కించాలో ఆవిడకి తెలుసు. కొలత అంటే అలా ఉండాలి. విన్నవాళ్ళకి ఏం చెయ్యాలో తెలిసిపోవాలి.

అవినీతి తగ్గించామని ప్రతి ప్రభుత్వమూ చెబుతుంది. ఏ పార్టీదైనా సరే. తగ్గితే నాకంటే సంతోషించేవాడు లేడు. ఎంత తగ్గింది, ఏ గేజీ, అంటే ఏ కొలబద్ద మీద చూసి చెబుతున్నారు, అన్నదే నా ప్రశ్న. నేను 30 ఏళ్ళ పైచిలుకు ఆడిట్‌లో పనిచేసి రిటైరయ్యాను. పంచాయతీల లెక్కలు చూసేవాణ్ణి. వోచరు సరిగ్గా ఉన్నంత మాత్రాన ఊళ్ళో రోడ్డు ఉన్నట్టు కాదని అక్కడే నేర్చుకున్నాను.

చట్టాలకు మనకు కొదవ లేదండి. అవినీతిని అరికట్టే దారులు చూడమని కేంద్రం వేసిన సంతానం కమిటీ చెప్పిన మీదట 1964లో కేంద్ర విజిలెన్స్ కమిషన్ వచ్చింది. మన రాష్ట్రంలో 1983లో లోకాయుక్త చట్టం చేశారు. 1988లో అవినీతి నిరోధక చట్టం, 2005లో సమాచార హక్కు, 2013లో లోక్‌పాల్ చట్టం. వీటిలో ఒక్క సంగతి మీరు ఇంటికెళ్ళాక కూడా గుర్తుపెట్టుకోవాలి. 2018 సవరణ తర్వాత లంచం ఇచ్చినవాడిది కూడా నేరమే. అయితే బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే, 7 రోజుల్లోపు పోలీసులకో, అవినీతి నిరోధక శాఖకో, అదే ఏసీబీకో చెబితే ఇచ్చినవాడి మీద కేసు ఉండదు. ఈ 7 రోజుల సంగతి ఊళ్ళలో ఎంతమందికి తెలుసు? తెలియకే చాలామంది, ఇచ్చాక నోరు విప్పితే మన మీదకే వస్తుందని ఊరుకుంటున్నారు.

ఇక కొలత దగ్గరికి వద్దాం.

ఏసీబీ వాళ్ళు ట్రాప్ చేస్తే పేపర్లో పడుతుంది. నోట్లకు పౌడరు రాసి ఇస్తారు, పుచ్చుకున్నవాడి చేతులు ద్రావణంలో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఈ ఏడాది ఇన్ని కేసులు పెట్టాం అని చివర్లో లెక్క ఇస్తారు. మరి కేసులు పెరిగితే లంచాలు పెరిగినట్టా, పట్టుకోవడం పెరిగినట్టా? తగ్గితే మనుషులు మారినట్టా, ఫిర్యాదు చేసేవాళ్ళు విసిగిపోయినట్టా? ఆ అంకె ఒక్కటే చూసి ఎవరూ చెప్పలేరు.

ప్రపంచం మొత్తానికి ఒక అంకె ఉంది. ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ అనే సంస్థ 1995 నుంచి ఏటా ఇస్తోంది. నూటికి ఎంత ఎక్కువ వస్తే అంత శుభ్రంగా ఉన్నట్టు. 2012లో మన దేశానికి 36, 2024లో 38. పన్నెండేళ్ళలో రెండు మార్కులు. దేశాన్ని దేశంతో పోల్చడానికి అది పనికొస్తుంది, కాదనను. కానీ అది నిపుణులు, వ్యాపారులు ఏమనుకుంటున్నారన్న దాని మీద వేసే లెక్క. మన ఊరి రైతుని ఎవరూ అడగలేదు. అడిగినా ఆ 38లో మన మండలం ఎక్కడుందో కనపడదు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఇలా సభలో చెప్పడం నాకు సులువు కాదు.

మా నాన్నగారు పోయాక రెండెకరాల పొలం మా అన్నదమ్ముల పేర మార్చుకోవాల్సి వచ్చింది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాం. ఫోన్‌కి నంబరుతో మెసేజ్ కూడా వచ్చింది. కాగితాలన్నీ నేనే సర్దాను, ఒక్క జిరాక్స్ కూడా తక్కువ లేదు. గడువు ముగియడానికి నాలుగు రోజుల ముందు పని అయిపోయింది. నాకెంత తృప్తి కలిగిందో! చూడరా, రోజులు మారాయి అని తమ్ముడితో అన్నాను. వాడు తల వంచుకుని కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. సంక్రాంతికి వాళ్ళావిడ నోట మాట జారితే అప్పుడు తెలిసింది. నాకు తెలియకుండా వాడు ఎనిమిది వేలు ముట్టజెప్పాడు. "నీకు చెబితే గొడవ పెడతావు అన్నయ్యా, చూస్తే గడువు దగ్గర పడుతోంది, నాకు టెన్షన్‌గా ఉంది" అన్నాడు.

వాణ్ణి తిట్టలేకపోయాను. నన్ను ఆ రాత్రి నిద్ర పోనివ్వనిది ఆ ఎనిమిది వేలు కూడా కాదండి. కంప్యూటర్‌లో మా దరఖాస్తు ఎదురుగా "గడువులోపు పరిష్కారం" అని ఉంది. మా పని రాష్ట్రం ప్రగతి లెక్కలో ఒకటిగా చేరిపోయింది.

కంప్యూటర్ వద్దని నేననను. 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కార్డ్ అనే కంప్యూటర్ పద్ధతి పెట్టక ముందు దస్తావేజు చేతికి రావడానికి రోజులు పట్టేది, ఆ తర్వాత గంటల్లోకి వచ్చింది. 2011లో మీ సేవ వచ్చింది. 2025 జనవరిలో మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టారు. కరెంటు బిల్లు కట్టడానికి ఇవాళ ఎవరి చెయ్యీ తడపక్కర్లేదు. ఆఫీసులో మనిషి సంతకం అవసరం లేని పనుల్లో నిజంగా తగ్గింది. సంతకం, కొలత, విచారణ ఉన్నచోట అలాగే ఉంది. రిజిస్ట్రేషన్‌కి కూడా దస్తావేజు లేఖరి గుమ్మం ఎక్కకుండా వెళ్ళేవాళ్ళు మనలో ఎందరు?

ధాన్యం సంగతే చూడండి. తేమ 17 శాతం దాటకూడదు. రైతు నాలుగు రోజులు రోడ్డు మీద ఎండబోసి, మబ్బు పట్టినప్పుడల్లా బరకాలు కప్పి, తీసి, మళ్ళీ కప్పి, రైతు సేవా కేంద్రంలో చూపిస్తే మిషన్ మీద 17 వస్తుంది. అదే ధాన్యం మిల్లుకెళ్ళాక ఇంకో మిషన్ మీద 19 అంటే ఆ రైతు ఏం చెయ్యాలి? లారీ వెనక్కి తెచ్చుకోలేడు. బస్తాకి ఇంత తరుగు తీసుకో బాబూ అంటాడు. ఇక్కడ లంచం అని ఎవరూ అడగలేదు. ఫిర్యాదు లేదు, కేసు లేదు. డబ్బు నేరుగా రైతు ఖాతాలో పడింది కాబట్టి పద్ధతి పారదర్శకం అని రాసుకుంటారు. ఈ రెండు మిషన్ల అంకెలూ పక్కపక్కన రాసి ఊళ్ళో గోడకు అంటిస్తే ఎంత బాగుంటుందో ఆలోచించండి.

మన కాలవలు మీకు తెలిసినవే. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ళు చాలక వంతులు పెట్టినప్పుడు, లాకు దగ్గర ఇన్ని క్యూసెక్కులు వదిలామని ఇంజనీరుగారు చెబుతారు. ఆయన చెప్పేది అబద్ధం కాదు. కానీ కాలవ చివర ఉండే శివారు రైతు తన పొలం బోదెలో నీళ్ళున్నాయా లేదా అన్నదే చూస్తాడు.

అలా శివారున కొలిచిన దేశం ఒకటుంది, ఉగాండా. అక్కడ ప్రభుత్వం బళ్ళకు ఇచ్చే గ్రాంటు 1991-95 మధ్య బడి దాకా ఎంత చేరిందని బడిబడికీ వెళ్ళి లెక్క తీస్తే సగటున 13 శాతం తేలింది. ఖజానా పుస్తకాల్లో అంతా పంపినట్టే ఉంది. ఆ తర్వాత ఏ జిల్లాకు ఎంత పంపామో పత్రికల్లో వేశారు, బడి గోడ మీద అంటించారు. 2001 నాటికి 80 శాతం పైగా చేరింది. పత్రికల వల్లే అంతా మారిందనను, వేరే సంస్కరణలూ జరిగాయి. కానీ 13 అన్న అంకె బయటికి రాకపోతే ఏదీ కదిలేది కాదు.

అంత దూరం ఎందుకు, మన రాష్ట్రంలోనే 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ చేశారు. ఊరి కుర్రాళ్ళే మస్టర్, అంటే కూలీల హాజరు పట్టీ, పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, "అమ్మా, నువ్వు ఆరు రోజులు పని చేసినట్టుంది, నిజమేనా? డబ్బు ఎంత అందింది?" అని అడిగారు. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదివారు. కూలి చేసుకునే ఆడవాళ్ళు మైకు పట్టుకుని అధికారుల ఎదుట మాట్లాడారు. దేశం అంతా వచ్చి చూసి వెళ్ళింది. మింగినట్టు తేలిన డబ్బు తిరిగి రాబట్టడంలో మాత్రం బాగా వెనకబడ్డాం, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అయినా ఆ పద్ధతి ఒక్క ఉపాధి హామీకే ఎందుకు ఆగిపోవాలి? భూమి పనులకు, ధాన్యం కొనుగోలుకు, ఇళ్ళ బిల్లులకు ఎందుకు ఉండకూడదు?

అది ప్రభుత్వం చెయ్యాలి, చెయ్యమని అడుగుదాం. సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు గడువు 30 రోజులు. రాయడం రాకపోతే నా దగ్గరకు రండి, నేను రాసిపెడతాను.

ఈలోగా మనం చెయ్యగలిగింది ఒకటి మొదలుపెట్టాను. ఇదిగో, ఈ రెండు వందల పేజీల పుస్తకం. లైబ్రేరియన్‌గారు పేపర్ల బల్ల మీద ఉంచడానికి ఒప్పుకున్నారు. పేర్లు వద్దు, మీదీ వద్దు, పుచ్చుకున్నవాళ్ళదీ వద్దు. గడులు నాలుగే: ఏం పని, ఎన్ని రోజులు, ఎన్నిసార్లు తిరిగారు, రసీదు లేకుండా ఎంత ఇచ్చారు. ఏమీ ఇవ్వకుండా పని అయితే అదీ రాయండి, సున్నా అని పెద్దగా రాయండి. మంచిగా చేసే ఉద్యోగులున్నారు, వాళ్ళ లెక్క కూడా తేలాలి. వచ్చే ఏడాది వారోత్సవాలకు ఇక్కడే కూర్చుని కూడదాం.

మొదటి వరస నిన్న రాత్రి నేనే రాశాను. పొలం పేరు మార్పు. 26 రోజులు. మూడుసార్లు. ఎనిమిది వేలు. మా తమ్ముడు కూడా ఇవాళ సభకు వచ్చాడు, వెనక వరసలో ఉన్నాడు. రాయనా అని వాణ్ణి అడిగే రాశాను. పెన్ను దారం కట్టి పెట్టానండి.