పిట్టల లెక్క రాసే దీవుల్లో వలంటీర్ పని

నమస్తే. ఇప్పుడు మీరు చూస్తున్న దీవి పేరు స్కోక్‌హోమ్. బ్రిటన్‌లో వేల్స్ తీరానికి దగ్గర్లో ఉంటుంది. ఆ దేశంలో మొదటి బర్డ్ అబ్జర్వేటరీని 1933లో రొనాల్డ్ లాక్లీ ఇక్కడే మొదలుపెట్టారు. వచ్చిన పక్షుల్ని రోజూ లెక్కపెట్టడం, కొన్నిటిని పట్టి కాలికి నంబరున్న రింగు తొడిగి వదిలేయడం, అన్నీ పుస్తకంలో రాయడం ఇక్కడి పని. ఫెయిర్ ఐల్, బార్డ్‌సీ, ఐల్ ఆఫ్ మే, కోప్‌లాండ్ దీవుల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. వలంటీర్లు లేకపోతే ఇవేవీ నడవవు.

"నాకు పిట్టల పేర్లు అంతగా తెలియవు, పనికొస్తానా?" అని చాలామందికి టెన్షన్. తప్పకుండా పనికొస్తారు. రింగు తొడగడానికి మాత్రం శిక్షణ, అనుమతి ఉండాలి. మిగతా పని చాలా ఉంటుంది.

ఈ గరాటు లాంటి పెద్ద వల పంజరం చూడండి. దీన్ని హెలిగోలాండ్ ట్రాప్ అంటారు. జర్మనీలోని హెలిగోలాండ్ దీవిలో పుట్టింది కాబట్టి ఆ పేరు. ముందు వెడల్పుగా ఉంటుంది, పోనుపోను సన్నబడుతుంది, చివర చిన్న పెట్టె. ఇద్దరు ముగ్గురు పొదల్ని మెల్లగా తడుతూ నడిస్తే పిట్టలు ముందుకు ఎగిరి పెట్టెలో చేరతాయి. రింగు వేసే మనిషి ఒక్కోదాన్నీ తీసి రెక్క కొలుస్తారు, తూస్తారు, రొమ్ము మీది ఈకల్ని నోటితో ఊది కింద కొవ్వు ఎంతుందో చూస్తారు. ఆ కొవ్వే దాని దారిబత్తెం. గోల్డ్‌క్రెస్ట్ అనే పిట్ట బరువు 5, 6 గ్రాములే, అయినా ఉత్తర సముద్రం దాటి వస్తుంది! అలాంటిది చేతిలో ఉన్నప్పుడు ఆలస్యం చేయకూడదు. వాళ్లు అంకెలు చెబుతుంటే పక్కన కూర్చుని రాసేది మీరే.

కొన్ని రోజులు ఏమీ రావు. అయినా అదే దారిలో నడవాలి, అదే పుస్తకంలో రాయాలి. రాని రోజు లెక్క లేకపోతే వచ్చిన రోజు లెక్కకు అర్థం ఉండదు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా గౌరవం కలిగేది ఈ ఓపిక మీదే.

దీవికి బయల్దేరే ముందు సామానంతా విప్పి ఎలుక లేదని చూసుకోవాలి. నేల మీద గూడు పెట్టే పక్షుల గుడ్లనీ పిల్లల్నీ ఎలుకలు బతకనివ్వవు. దీవిలో కాలిబాట వదిలి నడవకూడదు కూడా, ఎందుకంటే కింద నేలంతా బొరియలే. మాంక్స్ షియర్‌వాటర్లు అనే సముద్రపు పక్షులు వాటిలో గూడు పెట్టి, సీగల్స్‌కి భయపడి చీకటి పడ్డాకే ఒడ్డుకొస్తాయి. శీతాకాలం దక్షిణ అమెరికా తీరంలో గడిపి మళ్లీ ఇక్కడికే చేరతాయి. 1952లో స్కోక్‌హోమ్ నుంచి ఒకదాన్ని విమానంలో అమెరికాలోని బోస్టన్‌కు తీసుకెళ్లి వదిలారు. పన్నెండున్నర రోజుల్లో అట్లాంటిక్ దాటి తన బొరియకు వచ్చేసింది. వదిలామని రాసిన ఉత్తరం దాని తర్వాత చేరింది!

కోప్‌లాండ్‌లో 1953లో ఒక షియర్‌వాటర్‌కు రింగు వేశారు. అప్పటికే అది పూర్తిగా ఎదిగిన పక్షి. 2003లో అదే దీవిలో అదే పక్షి మళ్లీ చేతికి దొరికింది. అంతకు యాభై ఏళ్ల ముందు ఎవరో శ్రద్ధగా రాసిపెట్టబట్టే దాన్ని పోల్చుకోగలిగారు. అందుకే రాసేటప్పుడు అంకె సరిగా వినపడకపోతే మళ్లీ అడగండి, ఎవరూ విసుక్కోరు.