చాటలో రాయి, వార్తలో అంకె

శ్రోతలకు నమస్కారం. కాగితంలో కావలసిన సంగతిని వెతికి పట్టుకోవడం పిల్లలకు ఎలా నేర్పాలో ఈ రోజు చెబుతాను.

"48 అడుగులండీ!" అని ఒక అమ్మాయి పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

కోనసీమలో ఒక లంక గ్రామం. గోదావరికి ఎర్రనీరు వచ్చి పోటెత్తుతున్న శ్రావణ మాసం. ఐదో తరగతిలో సగం మంది బడికి రాలేదు. పాఠం చెప్పే మనసు నాకూ లేదు. ఆనాటి పత్రికలో వరద వార్తను కత్తిరించి, నకళ్లు తీయించి తలా ఒకటి ఇచ్చాను. బోర్డు మీద ఒకే ప్రశ్న రాశాను: ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంత?

ఒక పిల్లవాడు మొదటి అక్షరం కింద వేలు పెట్టి రాగం తీయడం మొదలుపెట్టాడు. మూడో వాక్యానికి వచ్చేసరికి ప్రశ్న ఏమిటో మరిచిపోయి నా మొహం చూశాడు. ఈ అమ్మాయి మాత్రం కాగితం అందుకున్న మరుక్షణమే లేచి 48 అంది. వెనక వరుసలో ఒకడు తాపీగా అన్నాడు: "ధవళేశ్వరంలో 48 అయితే మనం బడిలో ఉండమండీ. కొబ్బరిచెట్ల మీద ఉంటాం."

వాడి మాట నిజం. 48 భద్రాచలం లెక్క. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు వచ్చింది. ఆ ఏటి సంగతులు లంకల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. మన ధవళేశ్వరం బ్యారేజి దగ్గర కొలత వేరు. మొదటి హెచ్చరిక 11.75, రెండోది 13.75, మూడోది 17.75. ఆ రోజు వార్తలో రెండు ఊళ్లూ ఉన్నాయి, రెండు అంకెలూ ఉన్నాయి. పిల్లకు ముందుగా భద్రాచలం అంకె తగిలింది.

ఒకరు అంతా చదివి ఏమీ పట్టుకోలేదు. ఒకరు ఏమీ చదవకుండా అంకెను పట్టుకున్నారు. తప్పు వాళ్లది అనను. చదవడమంటే తల నుంచి తోక దాకా చదవడమే అని నేర్పింది మనమే. కథకు అది చాలు. వరద వార్తకు, బస్సుల వేళల పట్టికకు, మందు అట్టకు అది చాలదు.

అప్పుడు పిల్లల్ని అడిగాను: మీ ఇంట్లో చాటలో బియ్యం ఏరేటప్పుడు ప్రతి గింజనూ చూస్తారా?

"చూడరండీ. రాళ్ల కోసం చూస్తారండీ."

ఇంకేం చేస్తారు?

"ముందు బియ్యాన్ని పలచగా పరుస్తారండీ."

ఇంతకంటే బాగా నేను చెప్పలేను. కన్ను చాటంతా తిరుగుతుంది, నల్లగా ఉన్నచోట ఆగుతుంది. ఏమి వెతుకుతున్నామో, అది ఎలా ఉంటుందో చెయ్యి పెట్టక ముందే తెలుసు. కాగితం మీదా అంతే. నీటిమట్టం అడిగితే అంకె ఉంటుంది, పక్కన అడుగులు అని ఉంటుంది. ఎవరు అని అడిగితే మనిషి పేరు ఉంటుంది. ఎప్పుడు అని అడిగితే గంటలో, తేదీయో, వారమో. కాగితం ఇవ్వకముందే పిల్లలతో ఈ మాట అనిపించండి. కాగితం ఇవ్వకముందే. ఇచ్చాక అయితే వేలు మొదటి అక్షరం మీదకు వెళ్లిపోతుంది.

ఇక్కడ మన తెలుగులో ఒక చిక్కుంది. ఇంగ్లీషులో ఊరి పేరు పెద్ద అక్షరంతో మొదలవుతుంది, కంటికి ఇట్టే ఆనుతుంది. మనకు పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే తేడా లేదు. పైగా మన మాటలు తోక మార్చుకుంటాయి. పిల్లవాడు ధవళేశ్వరం కోసం చూస్తుంటాడు, వార్తలో ధవళేశ్వరానికి అని ఉంటుంది. అమలాపురం కోసం చూస్తే అమలాపురానికి అని ఉంటుంది. చివర చూస్తే దొరకదు. అందుకని మాట తలను పట్టుకోమంటాను. ధవళే అని కనిపిస్తే చాలు, అక్కడ ఆగు. అప్పటికీ దొరకకపోతే ప్రశ్నలో ఉన్న మాటా వార్తలో ఉన్న మాటా వేరేమో చూడు. ఆ రోజు వార్తలో నీటిమట్టం అన్న మాటే లేదు, "ధవళేశ్వరంలో వరద 11.75 అడుగులకు చేరింది" అని ఉంది.

అంకె దొరికాక మాత్రం తొందర పనికిరాదు. అది ఉన్న వాక్యం మొదటి నుంచి చివరి దాకా నిదానంగా చదవాలి. వెతికేటప్పుడు పరుగు, దొరికాక నిదానం. 48 అని అరిచిన అమ్మాయి ఆ వాక్యం మొదలు చూసి ఉంటే, భద్రాచలం అని అక్కడే ఉంది.

ఇంట్లో దీనికి వేరే పుస్తకం అక్కర్లేదు. కరెంటు బిల్లు ఇచ్చి కట్టాల్సిన గడువు అడగండి. పంచాంగం ఇచ్చి ఏకాదశి ఎప్పుడో చూడమనండి. నానమ్మలకు ఎలాగూ ఆ అవసరం ఉంటుంది. రోజుకు ఒక్క ప్రశ్న చాలు. గడియారం పెట్టి పందెం వేయకండి, నేను వేసి చూశాను, ఏడ్చినవాళ్లే ఎక్కువ.

నీళ్లు తీశాక, దసరా సెలవుల తర్వాత, ఆ అమ్మాయే ఒక శుభలేఖ తెచ్చింది. వాళ్ల అక్క పెళ్లి. నాకు ఇచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "భోజనాలు ఎక్కడో చెప్పండి మాస్టారూ" అంది.

కళ్లద్దాలు సర్దుకున్నాను. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. మా ఇలవేల్పు దివ్య ఆశీస్సులతో... ఎక్కడా భోజనం కనబడదు.

"పైనుంచి చదువుతున్నారేమిటండీ? శుభలేఖలో భోజనాలు అని వేయరు మాస్టారూ, విందు అని వేస్తారు. అడుగున చూడండి."