టెస్టోస్టిరాన్ ఎక్కువుంటే గుండె గట్టిదేనా?

"టెస్టోస్టిరాన్ 800 ఉందన్నా, ఇంక గుండెకు ఢోకా లేదు." తిరుపతి జిమ్ముల్లో తరచూ వినిపించే మాట. రక్తపరీక్షలో ఈ మగ హార్మోన్ 400 వచ్చినవాళ్లేమో దిగులుపడి టెస్టోస్టిరాన్ సూదుల కోసం వెతుకుతారు. ఇద్దరిదీ పొరపాటే. ఆ అంకెతో గుండె బలం తెలియదు.

రిపోర్టులో ఉండేది మొత్తం టెస్టోస్టిరాన్, డెసీలీటరుకు ఎన్ని నానోగ్రాములని. వైకుంఠం క్యూ కాంప్లెక్సు గుర్తు తెచ్చుకోండి. కొండ మీద ఎంతమంది ఉన్నారన్నది వేరు, ఈ క్షణాన స్వామి ముందు ఎంతమంది ఉన్నారన్నది వేరు. ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ గట్టిగా పట్టుకున్న హార్మోన్, కంపార్ట్‌మెంట్లో తాళం పడ్డ జనం. అల్బుమిన్‌కు అంటుకున్నది, గేటు తీస్తే కదిలే లైను. ఏ పట్టూ లేకుండా తిరిగేది, అంటే స్వామి ముందున్న జనం, 2 శాతం దగ్గర్లో.

పొట్ట పెరిగినవాళ్లలో ఎస్‌హెచ్‌బీజీ తగ్గుతుంది. అంటే కంపార్ట్‌మెంట్లే తగ్గాయి. మొత్తం అంకె పడిపోతుంది, దర్శనానికి వెళ్లేవాళ్లు మాత్రం చాలాసార్లు సరిపడానే ఉంటారు. వయసు పెరిగితే, థైరాయిడ్ ఎక్కువైతే దీనికి తలకిందులు: అంకె బాగుంటుంది, లోపలికి పోయేది తక్కువ.

లోపలికి పోయి ఏం చేస్తుంది? నాకు భలే నచ్చే సంగతి ఇదే. గుండె కొట్టుకున్నాక కణం మళ్లీ సిద్ధమవ్వాలి. టెస్టోస్టిరాన్ ఆ పని త్వరగా అయ్యేలా చూస్తుంది. ఈసీజీలో, కొట్టుకోవడం మొదలైనప్పటి నుంచి మళ్లీ సిద్ధమయ్యేదాకా పట్టే సమయం క్యూటీ. చిన్నప్పుడు ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకేలా ఉంటుంది, ఈడొచ్చాక మగవాళ్లలో తగ్గుతుంది. అందుకే గుండె వేగానికి తగ్గట్టు సరిచేసిన క్యూటీకి హద్దు మగవాళ్లకు 450 మిల్లీసెకన్లు, ఆడవాళ్లకు 460.

కొంత టెస్టోస్టిరాన్ కొవ్వులో ఈస్ట్రోజెన్ రకమైన ఈస్ట్రడయోల్‌గా మారుతుంది. మగవాళ్లకూ అది కావాలి. ఆడ హార్మోనని మాత్రలతో అణిచేస్తే ముందు ఎముకలు గుల్లవుతాయి. అలాగని బయటినుంచి పోయనూ కూడదు: గుండెపోటు వచ్చిన మగవాళ్లకు రోజుకు 5 మిల్లీగ్రాముల ఈస్ట్రోజెన్ ఇచ్చి చూస్తే పోట్లు ఎక్కువయ్యాయి, 1970లో ఆపేశారు.

టైమ్ లేదు, మిగతాది గబగబా. పరీక్ష పొద్దున 7 నుంచి 10 లోపు, పరగడుపున. తక్కువొస్తే ఇంకో రోజు మళ్లీ, ఎస్‌హెచ్‌బీజీతో కలిపి. జ్వరంలో వద్దు. సూది వేస్తే, కొండ నిండిందని టోకెన్లు ఆపినట్టు మెదడు కింది పిట్యూటరీ గ్రంథి, వృషణాలకు పని చెప్పే ఎల్‌హెచ్ ఆపేస్తుంది. వృషణాలు ముడుచుకుపోతాయి, వీర్యకణాలు తగ్గుతాయి. రక్తం చిక్కబడుతుంది, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 54 శాతం దాటితే సూది ఆపాలి. జిమ్ మోతాదుల్లో గుండె గోడ మందమై పంపింగ్ తగ్గుతుంది, అది ఎకోలో (గుండె స్కాన్‌లో) తెలుస్తుంది. ఇప్పటికే వేసుకుంటున్నవాళ్లు హెమటోక్రిట్, ఈసీజీ, ఎకో చేయించుకోండి. మందు పేరు, మోతాదు డాక్టరు దగ్గర దాచకండి.