విశాఖ రేవు, నేపాల్ బేరం

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, నేను మళ్లీ చదవను.

చిన్న దేశాలు, పెద్ద శక్తులు అని అంశం ఇచ్చారు. 1955 నాటి బాండుంగ్ ఆసియా-ఆఫ్రికా సదస్సు నుంచి మొదలుపెడితే చీకటి పడుతుంది. నేపాల్ ఒక్కటే చెబుతాను, అందులో మన రేవు ఉంది కాబట్టి.

2015 ఏప్రిల్‌లో భూకంపం. సెప్టెంబరులో కొత్త రాజ్యాంగం, దానికి వ్యతిరేకంగా మన సరిహద్దును ఆనుకున్న తరాయి మైదానంలో అక్కడి మధేశీల ఆందోళన, సరిహద్దులో లారీలు ఆగిపోయాయి. ఆపింది ఢిల్లీయేనని నేపాల్‌వాళ్లు, కాదని మనవాళ్లు. ఎవరి మాట నిజమైనా కాఠ్మాండూలో గ్యాసు బండ దొరకలేదు. ఇంధనమంతా ఇండియన్ ఆయిల్ నుంచే. చైనా వైపు తాతోపానీ దారి భూకంపానికే మూసుకుపోయింది. చైనా ఉచితంగా పంపిన పెట్రోలు 13 లక్షల లీటర్లు, దేశానికి నాలుగు రోజులకు రాదు.

2016 ఫిబ్రవరిలో ఢిల్లీ విశాఖ రేవును నేపాల్ సరుకుకు తెరిచింది. మార్చిలో అప్పటి నేపాల్ ప్రధాని ఓలీ బీజింగ్‌లో రవాణా ఒప్పందం చేసుకున్నారు. నెల తేడా! కాకతాళీయమంటే నేను ఒప్పుకోను. దాని అమలుకు రాసుకున్న 2019 ప్రోటోకాల్‌లో చైనా నాలుగు రేవులిచ్చింది. వాటిలో తియాన్‌జిన్ 3,000 కిలోమీటర్ల పైమాటే. ఏ వర్తకుడు అటు తెప్పించుకుంటాడు చెప్పండి? అయినా ఆ సంతకం వృథా కాదు. బేరమాడడానికి అవతల ఇంకొకరున్నారని కనిపిస్తే చాలు.

ఇక మన రేవు. కోల్‌కతా రేవుకు హుగ్లీ నది ఒండ్రు బెడద, పెద్ద ఓడ లోపలికి రాదు. కొలంబోలోనో సింగపూర్‌లోనో సరుకు చిన్న ఓడలోకి మారాలి. విశాఖలో లోతుంది. కంటైనరు దించి, ఎలక్ట్రానిక్ సీలు వేసి, రైలెక్కించి బీహార్‌లోని రక్సౌల్ మీదుగా నేపాల్‌లోని బీర్‌గంజ్ పంపుతారు. చిక్కంతా తిరుగు ప్రయాణంలో. నేపాల్ కొనేది ఎక్కువ, అమ్మేది తక్కువ, పెట్టెలు ఖాళీగా వస్తాయి. ఆ ఖర్చూ దిగుమతిదారు మీదే. ఖాళీ పెట్టె తిరిగివ్వడం గడువు దాటితే షిప్పింగ్ లైను డిటెన్షన్ అనే ఆలస్య రుసుము వసూలు చేస్తుంది. ఇక్కడ షిప్పింగ్ ఏజెన్సీలవాళ్లున్నారా? చేతులెత్తండి. మీకు తెలిసిన సంగతే ఇది. విదేశాంగ విధానం మీ బిల్లుల్లో ఉంది, మన పత్రికలు మాత్రం పట్టించుకోవు!

శ్రీలంక ఇంకో ఉపాయం పన్నింది. 2022లో తన హంబన్‌తోట రేవుకు చైనా ఉపగ్రహ నిఘా నౌక యువాన్ వాంగ్ 5 వచ్చి ఢిల్లీతో పేచీ అయ్యాక, 2024లో ఏడాదిపాటు విదేశీ పరిశోధన నౌకలన్నింటినీ ఆపేసింది. ఎవరి పేరూ ఎత్తలేదు.

నేపాల్ దగ్గరికే వస్తాను. సరుకుకు ఇంకో దారి దొరికింది, ఇంధనానికి దొరకలేదు. 2019లో బీహార్‌లోని మోతీహారి నుంచి నేపాల్‌లోని అమ్లేఖ్‌గంజ్‌కు 69 కిలోమీటర్ల పైపులైను పడింది. ఖర్చు తగ్గింది, ట్యాంకర్ల క్యూ తప్పింది, కవాటం మాత్రం ఇవతలే ఉంది. బీజింగ్‌లో మరో సంతకం పెట్టేముందు వాళ్లు నెలలకు సరిపడా నిల్వ ట్యాంకులు కట్టుకోవాలి. ప్రశ్నలుంటే అడగండి.