సాయంత్రానికీ నిండుగా ఉన్న నీళ్ల సీసా

తోటి ఉపాధ్యాయులందరికీ నమస్కారం. ముప్ఫై ఏళ్లు ప్రభుత్వ బడుల్లో తెలుగు చెప్పాను. అందులో ఒక్క ఏడాది గురించి మీకు చెప్పాలి.

ఎనిమిదో తరగతిలో ఒక ట్రాన్స్‌జెండర్ పిల్ల ఉండేది. హాజరు పట్టీలో అబ్బాయి పేరు. రోజూ ఇంటి నుంచి స్టీలు సీసాతో నీళ్లు తెచ్చుకునేది, సాయంత్రం గంట కొట్టేసరికి సీసా నిండుగానే ఉండేది. ఎండాకాలంలో కూడా. తాగితే మూత్రానికి వెళ్లాలి. మగపిల్లల వైపు వెళ్తే బయట గడియ పెట్టి చప్పట్లు కొట్టేవారు. ఆడపిల్లల వైపు రానిచ్చేవారు కాదు. మంటతో, జ్వరంతో వారానికి రెండు రోజులు బడికి వచ్చేదే కాదు.

ఉపాధ్యాయుల మరుగుదొడ్డి తాళంచెవి ఆ పిల్లకు ఇచ్చాను. రెండో వారానికి సీసా ఖాళీ అవడం మొదలైంది. ఆ వేసవిలో నాకు బదిలీ అయింది. తాళంచెవి వెనక్కి తీసుకున్నారట. తొమ్మిదో తరగతి మధ్యలోనే ఆ పిల్ల బడి మానేసింది.

జాలిపడి తాళంచెవి ఇచ్చాను గానీ ఒక్క కాగితం రాయలేదు. సిబ్బంది సమావేశంలో తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో ఎక్కించి ఉంటే, నా తర్వాత వచ్చినవారు దాన్ని చూసి ఉండేవారు. ఈ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న, జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో గుర్తించింది. వారి హక్కుల రక్షణకు వచ్చిన 2019 చట్టం 13వ సెక్షను ప్రకారం ప్రభుత్వ నిధులతో నడిచే ప్రతి బడీ ఈ పిల్లలకు చదువులోనూ ఆటల్లోనూ వివక్ష లేకుండా చోటివ్వాలి. ఆ చట్టం కింద వచ్చిన 2020 నిబంధనలు ఇంకా స్పష్టంగా చెప్పాయి: వేధింపులపై ఫిర్యాదు వినడానికి ప్రతి విద్యాసంస్థలో ఒక కమిటీ ఉండాలి. వేధించేది ఉపాధ్యాయుడే అయినా పిల్లలను అతని నుంచి దూరంగా ఉంచే అధికారం ఆ కమిటీకి ఉండాలి. మీ బడిలో అలాంటి కమిటీ ఉందా? నేను పనిచేసిన ఏ బడిలోనూ చూడలేదు.

2021లో, బడి పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ, ఈ పిల్లల గురించి ఉపాధ్యాయుల కోసం మంచి శిక్షణ పుస్తకం తయారుచేసింది. మరుగుదొడ్ల గురించి, యూనిఫారం గురించి, పిల్లలను ప్రతి పనికీ ఆడ, మగ అని విడదీసే అలవాటు గురించి అందులో ఉంది. అభ్యంతరాలు రాగానే వెబ్‌సైటు నుంచి తీసేశారు. అది చాలా అన్యాయమని నా అభిప్రాయం. పుస్తకం పోయినా చట్టం మన చేతిలోనే ఉంది.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరని కొందరంటారు. వారి భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. లోపల గడియ ఉన్న ఒక విడి గదిని, ఏ బిడ్డకు అవసరమైనా వాడుకునేలా కేటాయిస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. నెలసరితో ఉన్న ఆడపిల్లకూ, చక్రాల కుర్చీలో వచ్చే పిల్లవాడికీ అదే గది ఉపయోగపడుతుంది. ఇక పేరు సంగతి. పదో తరగతి పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితాలో (నామినల్ రోల్స్) మార్పుకు కాగితాలు కావాలి, నిజమే. తరగతిలో ఆ బిడ్డ కోరిన పేరుతో పిలవడానికి ఏ కాగితం కావాలి?

వచ్చే నెల మీ సిబ్బంది సమావేశంలో ఈ మూడూ చర్చకు పెట్టండి: కమిటీ, గది, పిలిచే పేరు. తీర్మానం రాసి అందరిచేతా సంతకాలు చేయించండి. నకలు ఒకటి మండల విద్యాధికారికి పంపి, అందినట్టు రసీదు తీసుకోండి.