ఒకే సముద్రం దాటి వచ్చారు, ఒకరికి గ్రీన్‌కార్డు, ఇంకొకరికి జైలు

నమస్తే అండీ. ఈ రోజు అమెరికా ఇమ్మిగ్రేషన్ గురించి మాట్లాడుకుందాం. హెచ్‌1బీ గొడవ కాదు లెండి. క్యూబా, హైతీ. రెండూ కరేబియన్‌లో పక్కపక్కనే ఉన్న దేశాలు. రెండు చోట్ల నుంచీ జనం ప్రాణాలకు తెగించి పడవలెక్కి ఫ్లోరిడాకే వస్తారు.

2002 అక్టోబర్ 29న మయామి పక్కన కీ బిస్కేన్ దగ్గరికి ఒక చెక్క పడవ వచ్చింది. అందులో 200 మందికి పైగా హైతీ వాళ్లు, పిల్లాపాపలతో సహా. నీళ్లలోకి దూకి, ఒడ్డెక్కి, తడి బట్టలతోనే రోడ్డు మీదికి పరిగెత్తారు. వెళ్తున్న కార్లని ఆపి ఎక్కించుకోమని బతిమాలారు. ఇదంతా టీవీల్లో లైవ్. దొరికిన వాళ్లందరినీ నిర్బంధంలో పెట్టారు. రెండు వారాలు తిరిగేసరికి, పొలాల మీద పురుగుమందు చల్లే విమానంలో ఎనిమిది మంది క్యూబా వాళ్లు కీ వెస్ట్‌లో దిగారు. కొద్ది రోజుల్లోనే వాళ్లని వదిలేశారు.

ఎందుకిలా? 1966లో అమెరికా చేసిన చట్టం ఒకటుంది. క్యూబా మనిషిని అధికారులు లోపలికి రానిచ్చారంటే, ఏడాది ఆగి గ్రీన్‌కార్డుకి అప్లై చేసుకోవచ్చు. మొదట్లో రెండేళ్లు ఉండేది, తర్వాత తగ్గించారు. మన వాళ్లు ఏళ్ల తరబడి ఏ క్యూలో నిలబడి ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు కదా!

హైతీ వాళ్లకేమో 1981లో రీగన్ ప్రభుత్వం, హైతీ నియంత డువాలియర్‌తో ఒప్పందం చేసుకుంది. కోస్ట్ గార్డ్ వాళ్లు నడిసముద్రంలోనే పడవని ఆపుతారు. ఓడ డెక్ మీదే రెండు మూడు ప్రశ్నలు, పక్కన లాయరు ఉండడు, మళ్లీ వెనక్కి. పదేళ్లలో దాదాపు 23 వేల మందిని ఇలా పట్టుకుంటే, శరణు అడగడానికి అమెరికా గడ్డ మీదికి తీసుకొచ్చింది 30 మందికి లోపే.

ప్రభుత్వం చెప్పే మాట ఒకటే. క్యూబా వాళ్లు కమ్యూనిజం నుంచి పారిపోతున్నారు, హైతీ వాళ్లు పేదరికం నుంచి వస్తున్నారు అని. మరి డువాలియర్ మనుషులు అర్ధరాత్రి ఇళ్లలోంచి జనాన్ని ఎత్తుకుపోయింది పేదరికమా? నాకు కనిపించేది ఇది: క్యూబా కమ్యూనిస్టు పాలకుడు కాస్ట్రో వాషింగ్టన్‌కి శత్రువు, డువాలియర్ కావలసినవాడు. శత్రువు నుంచి పారిపోతే శరణార్థి, మిత్రుడి నుంచి పారిపోతే కూలోడు. ఒంటి రంగు సంగతి కూడా దాచిపెట్టేది కాదు. 1980లోనే ఫెడరల్ జడ్జి జేమ్స్ లారెన్స్ కింగ్, వేల మంది హైతీ వాళ్ల దరఖాస్తులని మూకుమ్మడిగా కొట్టేశారని తీర్పిస్తూ, వాళ్లంతా నల్లవాళ్లన్న విషయాన్ని ఎత్తి చూపించారు. పైగా మయామిలో క్యూబన్ల ఓట్లు ఉన్నాయి. హైతీ వాళ్లకి ఆ బలం ఎక్కడిది?

1994 చూడండి. క్లింటన్ రెండు దేశాల వాళ్లనీ గ్వాంటనామోలోనే పెట్టారు, అంటే క్యూబా గడ్డ మీదున్న అమెరికా నౌకా స్థావరంలో. 30 వేలకి పైగా క్యూబన్లు, 20 వేలకి పైగా హైతీ వాళ్లు. ఒకే ఎండ, ఒకే ముళ్లకంచె. మరుసటి ఏడాది క్యూబన్లలో ఎక్కువ మందికి అమెరికా వచ్చేందుకు దారి ఇచ్చారు. హైతీ వాళ్లలో ఎక్కువ మందిని ఇంటికి పంపేశారు.

అలాగని క్యూబన్లకి ఎప్పుడూ పూలబాటే అనుకోకండి. 1995 నుంచి సముద్రంలో దొరికితే వాళ్లనీ వెనక్కే పంపారు. ఒడ్డుకి చేరితే చాలన్న సదుపాయాన్ని 2017 జనవరిలో ఒబామా ఎత్తేశారు.

2023లో బైడెన్ క్యూబా, హైతీ సహా నాలుగు దేశాల వాళ్లకి ఒకే రకం పెరోల్ ఇచ్చారు, అంటే అమెరికాలోకి వచ్చి కొంతకాలం ఉండే తాత్కాలిక అనుమతి. ఒకే ఫారం, స్పాన్సరు, రెండేళ్లు. 2025లో ట్రంప్ ప్రభుత్వం అందరికీ రద్దు చేసింది. కానీ అప్పటికి ఏడాది నిండిన క్యూబన్ చేతిలో ఆ 1966 చట్టం ఉంది. అదే విమానంలో, పక్క సీట్లో దిగిన హైతీ మనిషికి అలాంటి చట్టమే లేదు.